ఐదేళ్ల బాబు పాలు ముట్టడం లేదు, పెరుగుతో సరిపెట్టవచ్చా?

చిన్నూ వాళ్ల అమ్మ, మారతహళ్లి

నమస్తే అండీ. మా చిన్నూకి మొన్ననే ఐదేళ్లు నిండాయి. నాలుగో ఏడు దాకా పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు పాలు గటగటా తాగేవాడు. పోయినేడు జ్వరం వచ్చినప్పుడు పాలల్లో మందు కలిపి పట్టాను, మొత్తం కక్కేశాడు. అప్పట్నుంచి పాల గ్లాసు కనిపిస్తే చాలు, పెదాలు బిగించేస్తాడు. బలవంతంగా పోస్తే ఒక బుగ్గన పెట్టుకుని పది నిమిషాలు అలాగే కూర్చుంటాడు. మింగడు, ఉమ్మడు, కళ్లలో నీళ్లు మాత్రం కారుతుంటాయి. చాక్లెట్ పొడి మూడు స్పూన్లు వేస్తే సగం గ్లాసు తాగుతాడు కానీ, ఆ డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదివాక నాకే వేయబుద్ధి కావడం లేదు.

పెరుగు మాత్రం ఇష్టం. రోజూ నందిని నీలం ప్యాకెట్ అర లీటరు తీసుకుని, వాడి కోసమే తోడు పెడతా. మదనపల్లె నుంచి అత్తమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ మొదటి ప్రశ్న "బిడ్డ పాలు తాగినాడా?" అనే. దానికి తోడు ఈమధ్య రాత్రిళ్లు కాళ్లు లాగుతున్నాయని ఏడుస్తున్నాడు. నిన్న తెల్లవారుజామున రెండింటి దాకా పిక్కలు ఒత్తుతూ కూర్చున్నా. కాల్షియం తక్కువైందేమో అని ఒకటే టెన్షన్. మెడికల్ షాపులో సిరప్ కొని మొదలుపెట్టేయనా?

టీచరమ్మ, హోసకోట

సిరప్ డాక్టర్ని అడగకుండా వద్దమ్మా. పాల సంగతి ఒకటి చెబుతాను. మా సర్కారీ బడిలో క్షీరభాగ్య పథకం కింద పిల్లలకు తలా 150 మిల్లీలీటర్ల వేడి పాలు ఇస్తాం. కర్ణాటకలో 2013 నుంచి నడుస్తోంది ఇది. ఇంట్లో పాలంటే ముఖం తిప్పేసే పిల్లలు కూడా వరసలో కూర్చుని, పక్కవాడు తాగుతుంటే చూసి తాగేస్తారు. ఎవరూ వాళ్ల వైపే చూస్తూ కూర్చోరు కదా, అందుకని. మీరూ ఒక నెల పాటు పాల పేరే ఎత్తకుండా ఉండి చూడండి.

ఇద్దరు పిల్లల తల్లి, కేఆర్ పురం

చెల్లీ, నా కథ నీ కథకు పూర్తిగా తలకిందులు. మా పెద్దమ్మాయి రెండేళ్లప్పుడు రోజుకు దాదాపు లీటరు పాలు తాగేది. అన్నం ముద్ద పెడితే తోసేసేది. పాలు తాగుతోంది కదా, బలమే అనుకుని మురిసిపోయాను. ఒకరోజు గోడ మూల కూర్చుని సున్నం పెచ్చు గోకి నోట్లో పెట్టుకుంటోంది. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.9. పాలల్లో ఇనుము దాదాపు ఉండదు, పైగా పాలతోనే కడుపు నిండితే పిల్లలు ఇంకేమీ తినరని అప్పుడు తెలిసింది. ఐరన్ చుక్కలు ఇచ్చి, పాలు 400 మిల్లీలీటర్లకు తగ్గించమన్నారు. అందుకే పాలు తాగని పిల్లవాడి గురించి నువ్వు పడే బాధ చదువుతుంటే చెప్పాలనిపించింది, పాలు ఒక్కటే బలం కాదమ్మా.

ఇప్పుడు లెక్క చూడు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 120 ఉంటుంది. తోడు పెట్టినంత మాత్రాన అది ఎక్కడికీ పోదు. మీగడ తీసినా పోదు, ఎందుకంటే కాల్షియం వెన్నలో ఉండదు. అంటే నీ అర లీటరు పెరుగులో వాడు సగం తింటే 300 దాకా వచ్చేసినట్టే. నీళ్ల మజ్జిగ మాత్రం ఈ లెక్కలోకి తీసుకోకు.

మిగతాదానికి మన వంటిల్లు చాలు. వంద గ్రాముల రాగుల్లో 340కి పైనే ఉంటుంది. నానబెట్టి, మొలకెత్తించి పిండి పట్టిస్తే ఒంటికి ఇంకా బాగా పడుతుంది. నేను గుడ్డలో కట్టి రెండు రాత్రులు ఉంచుతా, తెల్లటి మొలక పిన్నీసు మొనంత వచ్చాక నీడలో ఆరబెడతా. నువ్వులు పొట్టు తీయనివే కొను, కాల్షియం చాలా వరకు ఆ పొట్టులోనే ఉంటుంది. రోజుకు చిన్న ఉండ ఒకటి. మునగాకు ఇక్కడ కన్నడలో నుగ్గె సొప్పు అని అడిగితే ఇస్తారు, పెసరట్టు పిండిలో రుబ్బెయ్. పాలకూర మంచిదే గానీ, అందులోని ఆక్సలేట్ అనే పదార్థం వల్ల కాల్షియం ఒంటికి పెద్దగా పట్టదు, దాన్ని నమ్ముకోకు.

ఇంకొకటి, ఎండ. విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం సరిగా ఒంటబట్టదు. బాల్కనీ అద్దం వెనక కూర్చోబెడితే లాభం లేదు, మేడ మీదకి పంపించు.

కాళ్ల నొప్పులు రెండు కాళ్లకీ వచ్చి, పొద్దున్నే మామూలుగా పరిగెడుతుంటే చాలాసార్లు ఎదిగే వయసులో వచ్చేవే. ఒకే కాలు నొప్పి అన్నా, వాపున్నా, కుంటుతున్నా, జ్వరం తోడైనా ఆలస్యం చేయకుండా చూపించు.

చిన్నూ వాళ్ల అమ్మ, మారతహళ్లి

అక్కా, పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా. డాక్టర్‌కి చూపించాను, బరువు, ఎత్తు బాగున్నాయన్నారు, సిరప్ వద్దన్నారు. పాల గ్లాసు లోపల పెట్టేశా. మొదటి మూడు రోజులు వాడే అనుమానంగా వంటింట్లోకి తొంగి చూశాడు. రాగి దోశ నల్లగా ఉందని మొదట వద్దన్నాడు, బెల్లం పాకం రాసిస్తే రెండు తిన్నాడు. మధ్యాహ్నం, రాత్రి పెరుగన్నం. నిన్న సేమ్యా పాయసంలో పాలన్నీ గిన్నె ఎత్తి తాగేశాడు, నేను చూడనట్టే ఉన్నా. అత్తమ్మకు ఈ లెక్కంతా ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత నువ్వుండలు తానే చేసి పంపుతానన్నారు. పొట్టు తీయని నువ్వులతోనే చేయండి అత్తమ్మా అని రెండుసార్లు చెప్పాను.