అప్‌డేట్: ఫ్రేమ్ తుప్పు గురించి అడిగిన పికప్ సంగతి

పాత పికప్ ట్రక్ కొనేముందు ఫ్రేమ్‌కి, అంటే బండి బరువంతా మోసే కింది ఇనప చట్రానికి, తుప్పు ఉందో లేదో ఎలా చూడాలని ఇక్కడ అడిగాను కదా. కిందికి దూరి చూడమని, చిన్న సుత్తి పట్టుకెళ్లమని చెప్పారు. చూశాను. ఆ బండి వద్దనుకున్నాను.

పైకి ముద్దొచ్చేలా ఉంది. కింద ఫ్రేమంతా కొత్తగా నల్ల కోటింగ్ కొట్టి ఉంది, తుప్పు కప్పేయడానికేమోనని అక్కడే అనుమానం వచ్చింది. ముందువైపు సుత్తితో తడితే ఖంగుమంది. వెనక లీఫ్ స్ప్రింగ్ (కమాన్ పట్టీల) బ్రాకెట్ బిగించిన చోట మాత్రం మొద్దు శబ్దం. అమ్మే ఆయన్ని అడిగే స్క్రూడ్రైవర్‌తో పొడిచాను, కోటింగ్‌తో పాటు ఇనప పెచ్చులు రాలాయి. ఫ్రేమ్‌లో నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ రంధ్రంలోకి ఫోన్ లైట్ వేస్తే లోపల బురద గడ్డకట్టి కనిపించింది. పెట్టెలా మూసి ఉండే ఫ్రేమ్‌ని తుప్పు లోపలి నుంచే తినేస్తుందని ఒకరు రాశారు, అక్షరాలా అదే.

"పైపై తుప్పేనండీ, వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుంది" అన్నాడాయన. గోధుమరంగు పొడిలా ఉంటే నేనూ పట్టించుకోను. పొరలుగా ఊడుతోందంటే ఇనుము పలచబడినట్టే కదా! బ్రేక్ పైపులకూ తుప్పు పట్టింది, అదో టెన్షన్.

ఇప్పుడు ఇంకో బండి చూస్తున్నాను. దీనికి కోటింగ్ లేదు, ఉన్న తుప్పు ఉన్నట్టే కనబడుతోంది. మెకానిక్‌తో లిఫ్ట్ ఎక్కించి చూపిస్తానంటే అమ్మేవాళ్లు ఒప్పుకున్నారు.