ఈ డానిష్ 2 స్కిల్లింగ్ ఏ రాజు కాలంది?

కోపెన్‌హాగన్ పాత సామాన్ల సంతలో ఈ నాణెం కొన్నాను. ఒకవైపు 2 స్కిల్లింగ్ అని ఉంది, సంవత్సరంలో 17 మాత్రమే మిగిలింది. ఇంకోవైపు కిరీటం కింద అల్లుకున్న రెండు సీ అక్షరాలు, మధ్యలో ఎన్నో క్రిస్టియనో చెప్పే అంకె అరిగిపోయింది. ఆరో క్రిస్టియన్ (1730–46)దా, ఏడో క్రిస్టియన్ (1766–1808)దా?

అడుగున అడ్డంగా పెట్టిన రెండు సుత్తులున్నాయి. అంటే నార్వేలోని కాంగ్స్‌బర్గ్ టంకశాలే కదా? అప్పట్లో నార్వే కూడా డెన్మార్క్ రాజు కిందే ఉండేది.

అప్పట్లో 96 స్కిల్లింగులు కలిస్తే ఒక రిగ్స్‌డాలర్ (డెన్మార్క్ పాత పెద్ద నాణెం). చిల్లర కాబట్టి వెండిలో రాగి బాగా కలిపారు, కిరీటం అంచుల్లో ఎర్రగా కనిపిస్తోంది. అమ్మ చింతపండుతో తోమమంటోంది. ఉన్న కాస్త వెండి పొర పోతుందేమోనని టెన్షన్. అలాగే వదిలేయనా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.