కాలువ గట్టు మీద నడక: మొగుడూ పెళ్ళాం కలిసా, ఎవరి దారి వాళ్ళదా?

లాకుల దగ్గరి ఇల్లు

మాది పాలకొల్లు పక్క పల్లె. రెండేళ్ళ కిందట మా ఆయనకి కుడి ఊపిరితిత్తిలో క్యాన్సరని తేలింది. పై లోబ్, అంటే ఆ ఊపిరితిత్తి పై భాగం, తీసేశారు, తర్వాత నాలుగు విడతలు కీమో. ఇప్పటివరకు స్కాన్లన్నీ బాగానే ఉన్నాయి. "రోజూ నడిపించండి, ఇంట్లో కూర్చోబెట్టకండి" అన్నారు డాక్టరు గారు. అప్పటినుంచి పొద్దున్నే ఐదున్నరకి ఇద్దరం కాలువ గట్టు పట్టుకునేవాళ్ళం.

గొడవ అక్కడే. నా చేతిలో ఆక్సీమీటర్ ఉంటుంది, రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపించేది. ఆయన కాస్త ఆయాసపడితే చాలు, ఆపి వేలికి తగిలిస్తాను. పోయిన నెల ఒకరోజు నాలుగోసారి ఆపేసరికి "నడకకొచ్చానా, పోలీసు తనిఖీకొచ్చానా" అని గట్టు మీదే అరిచారు. ఆ రోజు నుంచి ఒక్కరే వెళ్తున్నారు. నేను అరుగు మీద కూర్చుని గడియారం చూస్తున్నాను. ఆయనకి నలభై నిమిషాల నడక, నాకు నలభై నిమిషాల గుండెదడ. మా ఆడపడుచేమో అసలు నడకే వద్దు, కోతపడ్డ ఒళ్ళు, పడుకోనివ్వమంటుంది. మీ ఇళ్ళలో ఎలా చేస్తున్నారు? వెంట వెళ్ళాలా, వదిలెయ్యాలా?

రావులపాలెం అబ్బాయి

వెంట వెళ్ళాలి పిన్ని గారూ, ఇందులో చర్చేముంది? మా నాన్న ఏటిగట్టు మీద కళ్ళు తిరిగి కూలబడితే అరటిగెలలు తోలే ఆటో అతను చూసి ఇంటికి తెచ్చాడు. ఫోనేమో ఇంట్లో చార్జింగులో ఉంది. బాబాయ్ గారు తిడితే తిట్టనివ్వండి, పక్కన మనిషి ఉండాలి.

ఒక లోబ్ తక్కువ

బాబూ, నువ్వు పేషెంటు కొడుకువి. నేను పేషెంటుని. అమలాపురం.

వదినగారూ, నేను చుట్టా బీడీ ముట్టిన మనిషిని కాదు. అయినా వచ్చింది. పలకరించడానికొచ్చిన ప్రతి చుట్టమూ "ఇంట్లో ఎవరు కాల్చేవారమ్మా" అని అడిగి మా ఆయన వంక చూసేది. నా రిపోర్టు వచ్చిన రోజే ఆయన చుట్ట మానేశారు. పొగ వల్లే వచ్చిందో, ముప్ఫై ఏళ్ళ కట్టెల పొయ్యి వల్లో, మరి దేనివల్లో, ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. ఆయన మాత్రం తేల్చేసుకున్నారు. నడకకొస్తే నా వెనక రెండడుగుల దూరంలో, తప్పు చేసిన పిల్లాడిలా నడిచేవారు. నా ఆయాసం కన్నా ఆ అడుగుల చప్పుడే నాకు బరువైపోయింది. ఆర్నెల్లు ఓర్చుకుని, రావద్దని చెప్పేశాను. ఒంటరిగా నడిచే ఆ అరగంటే నేను పేషెంటుని కానిది. మీ ఆయన అరిచింది మీ మీద కాదేమో.

ఫిజియో కాకినాడ

అమ్మా, ముందు ఆక్సీమీటర్ సంగతి. నడుస్తూ వేలు కదులుతుంటే అది తప్పు చూపిస్తుంది. ఆగి, చెయ్యి కదపకుండా, అంకె నిలకడగా నిలిచాకే చూడాలి. ప్రతి ఆయాసానికీ చూడక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ వేగానికి కొలత. మాట తెగిపోతుంటే తగ్గించాలి. ఆయాసమొస్తే ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి, వేడి టీ ఊదినట్టు నెమ్మదిగా వదలాలి. పీల్చినదానికి రెట్టింపు సేపు.

ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, కళ్ళెలో రక్తం, కూర్చున్నా తగ్గని ఆయాసం: వీటిలో ఏది కనిపించినా నడక మానేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అంకె పదేపదే 90 కిందికి దిగినా అంతే. క్యాన్సర్ ఎముకలకి పాకిన వాళ్ళు బరువులు పట్టే ముందు అడిగి తీరాలి.

ఇక మీ ఆడపడుచు గారి మాట. పడుకోబెడితే కండ కరుగుతుంది, కండ కరిగితే నాలుగడుగులకే ఆయాసం, ఆయాసం వస్తుందని మళ్ళీ పడక. 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందమొకటి క్యాన్సర్ నుంచి బయటపడ్డ వాళ్ళకి చెప్పింది ఇది: వారానికి మూడుసార్లు, 30 నిమిషాల చొప్పున, రెండు మూడు నెలలు నడకలాంటి వ్యాయామం చేస్తే నీరసం, ఆందోళన, దిగులు తగ్గుతాయని. దానికి తోడు వారానికి రెండుసార్లు కండబలానికి ఏదైనా చేస్తే మంచిది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచినా చాలు. మన డెల్టాలో ఒక ఇబ్బందుంది, నేలంతా చదును. ఎక్కుడన్నదే లేదు. అందుకే నా దగ్గరికొచ్చేవాళ్ళని కొన్నాళ్ళయ్యాక కాలువ వంతెన ఎక్కి దిగమంటాను.

దాళ్వా రైతు

చేలో తిరిగేవాడికి మళ్ళీ వాకింగేంటండి? మా అన్నయ్య ఆపరేషనైన మూడో నెలకే గట్లు చెక్కాడు. ఆ పైన టీవీలో చూసి రోజూ కపాలభాతి. ఇంకొన్నాళ్ళకి మందులూ అక్కర్లేదంటున్నాడు. వ్యాయామం చేస్తే క్యాన్సర్ తిరగబెట్టదని ఈ మధ్య పేపర్లో కూడా వేశారు.

ఫిజియో కాకినాడ

ఆ మందుల మాట దగ్గర ఆపండి సార్. 2025లో వచ్చిన ఆ ట్రయల్ పెద్దపేగు క్యాన్సర్ వాళ్ళ మీద. సర్జరీ, కీమో అయ్యాక మూడేళ్ళ పాటు పద్ధతిగా వ్యాయామం చేయించారు, తిరగబెట్టడం తగ్గింది, నిజమే. దాన్ని తెచ్చి ఊపిరితిత్తులకి అంటగట్టకూడదు. పైగా ఆ ట్రయల్లో ఎవరికీ మందులు మానమని చెప్పలేదు. లోబ్ తీసిన మనిషి సర్జనుని అడక్కుండా కపాలభాతిలాంటి విసురు శ్వాసలు చెయ్యొద్దు. నెమ్మదైన శ్వాస వేరు. చేను పని మంచిదే కానీ, కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో మీ అన్నయ్య గారిని ఆ పొగలోకి పంపకండి.

రావులపాలెం అబ్బాయి

అన్నీ చెప్పారు గానీ, కలిసి చేస్తే మంచిదా కాదా చెప్పలేదు సార్.

ఫిజియో కాకినాడ

అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ వాళ్ళు ఛాతీకి రేడియేషన్ తీసుకుంటున్న వాళ్ళకీ, ఇంట్లో వాళ్ళని చూసుకునేవాళ్ళకీ జంటగా యోగా నేర్పారు. యోగా చేసిన పేషెంట్లు ఆరు నిమిషాల నడక పరీక్షలో మెరుగ్గా చేశారు. చిన్న అధ్యయనమే. నా కంటికి ఆనింది మాత్రం, అక్కడ ఇద్దరూ చేశారన్నది. ఒకరు చేస్తుంటే ఒకరు మీటర్ పట్టుకుని నిలబడలేదు.

ఒక లోబ్ తక్కువ

అదీ మాట. మా ఇంట్లో స్కాన్ వారం వచ్చిందంటే నాకు నిద్ర ఉండదు, ఆయనకీ ఉండదు. ఎవరి టెన్షన్ వాళ్ళు దాచుకుని, తెల్లారి పులుసులో ఉప్పు మీద పోట్లాడుకుంటాం. నన్ను "ఎలా ఉన్నావు" అని అడిగేవాళ్ళు వందమంది. ఆయన్ని అడిగినవాళ్ళని నేను చూడలేదు. నేనూ అడగలేదు, ఒప్పుకుంటున్నాను.

రావులపాలెం అబ్బాయి

ఇది చదివాక ఒకటి రాయాలనిపించింది. నాన్న చెకప్‌కి వెళ్ళినప్పుడు ఊరికే అమ్మకి కూడా బీపీ చూశారు. బాగా ఎక్కువుంది. ఎప్పటినుంచని డాక్టరు అడిగితే ముగ్గురం మొహాలు చూసుకున్నాం. పక్కన మనిషి ఉండాలనే ఇప్పటికీ అంటాను. ఆ మనిషి రోజూ అమ్మే అవ్వాలా అంటే, కాదు. వారంలో మూడు రోజులు నేను వెళ్తాను.

లాకుల దగ్గరి ఇల్లు

అందరికీ దండాలు. నిన్న ఆయన లాకుల వైపు వెళ్ళారు, జేబులో ఫోన్ పెట్టాను. నేను ఎదురింటి సత్యవతితో కొబ్బరితోటల వైపు వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు వంతెన దగ్గర కలుసుకుని టీ తాగుదామని ఒప్పందం. నాకంటే ముందే వచ్చి టీకొట్టు బల్ల మీద కూర్చున్నారు. "నీకే ఆయాసమొస్తోందే" అన్నారు. వస్తోంది మరి, ఎన్నేళ్ళైంది నేను నా కోసం నడిచి. ఆడపడుచుకి ఇంకా ఏమీ చెప్పలేదు.

ఆక్సీమీటర్ ఇంట్లో పెట్టేశానని ఆయనతో అన్నాను. మీతో అబద్ధమెందుకు, పర్సులోనే ఉంది.

ఫిజియో కాకినాడ

ఉండనివ్వండమ్మా. అడిగితే ఇవ్వండి.