పాప పడుకున్న ఆ 40 నిమిషాల్లో మీరేం చేసేవారు?

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. పాపకు ఏడో నెల. మా వారిది బరంపురంలో ఉద్యోగం, శనివారం రాత్రికి గానీ ఇంటికి రారు.

ఇదివరకు ఆదివారం సాయంత్రమంటే మహేంద్రతనయ నది ఒడ్డున నడక, రాత్రి చదువు. దాన్ని ఖాళీ సమయం అనుకోనేలేదు, ఎప్పుడూ ఉండేదేగా అనిపించేది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చుకున్న ఊరు మాది. ఆ స్ఫూర్తితో నేనూ సవర మొదలుపెట్టాను. నోటుపుస్తకం ఏడు నెలలుగా పన్నెండో పేజీ దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు మధ్యాహ్నం చీర ఉయ్యాలలో పాప నిద్రపోతే 40 నిమిషాలు దొరుకుతాయి. తాడు కిర్రుమనకుండా ఒక చేత్తో పట్టుకుని, మరో చేత్తో పుస్తకం తెరుస్తాను. నాలుగు మాటలు రాసేలోపే చెవి ఉయ్యాల వైపు పోతుంది.

"పాపతో పాటు నువ్వూ పడుకో" అంటారు మా అత్తయ్య. ఒళ్లు కోరేదీ అదే. కానీ పడుకుని లేస్తే, ఈ రోజూ నాదంటూ ఏమీ మిగల్లేదన్న దిగులు.

చంటిబిడ్డలను పెంచినవారు చెప్పండి: ఇలా ముక్కలు ముక్కలుగా దొరికే సమయంలో భాష నేర్చుకోవడం మీలో ఎవరికైనా సాధ్యమైందా? పాపకు ఏడాది నిండేదాకా ఆపడమే మంచిదా?