బ్రేక్‌బీట్‌ని ‘విరుపు దరువు’ అనొచ్చా?

అడిగినవారు: ఒక పాట మీద చిన్న వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 1987లో ఇంగ్లండులో వచ్చిన ‘పంప్ అప్ ది వాల్యూమ్’ అనే సింగిల్ అది. ఫోర్ ఏడీ అనే రికార్డు కంపెనీలో ఉన్న కలర్‌బాక్స్, ఏ.ఆర్. కేన్ అనే రెండు బృందాలు కలిసి ‘మార్స్’ పేరుతో విడుదల చేశాయి. మార్టిన్, అలెక్స్, రూడీ, రసెల్, స్టీవ్, ఈ అయిదుగురి పేర్లలో మొదటి అక్షరాలే ఆ పేరు. పాత రికార్డుల్లోంచి డ్రమ్ముల ముక్కలూ గొంతు ముక్కలూ కోసి అతికించిన పాట. బ్రేక్‌బీట్ అనాల్సిన చోట ‘విరుపు దరువు’ అని రాస్తే, మా చెల్లి చదివి “ఏం విరిగిందక్కా?” అంది.

మృదంగం మాస్టారు: మీ చెల్లెలు సరిగ్గానే అడిగిందమ్మా. విరుపు అంటే పద్యం చదివేవాడు ఆగే చోటు. విరుపు దరువు అంటే దరువే ఆగిపోయిందనుకుంటారు. అక్కడ జరిగేది తలకిందులు. గొంతు, గిటారు, బూరలు అన్నీ ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మిగిలే చోటుని వాళ్ళు బ్రేక్ అన్నారు. విరామం పాటకి, దరువుకి కాదు. విన్‌స్టన్స్ బృందం 1969లో చేసిన ‘అమెన్, బ్రదర్’లో గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే ఆరేడు సెకన్లు వాయిస్తాడు చూడండి. ఆ ముక్క తర్వాత వేల పాటల్లోకి పాకింది. వాయించినాయనకి మాత్రం రాయల్టీ రాలేదు.

అడిగినవారు: అయితే కచేరీలో పాట ఆగి మృదంగం ఒక్కటే మోగే మన తని ఆవర్తనమే కదా! ‘తని’ అనేద్దామా మాస్టారూ?

మృదంగం మాస్టారు: వద్దు. తనికి లెక్కుంది, ముగింపుకి కట్టిన ముక్తాయింపు ఉంది, చివర పాట ఎత్తుగడకి తెచ్చి కలపాలి. అది విద్వత్తు చూపే చోటు. బ్రేక్ ఆడేవాళ్ళ కోసం. 1973లో న్యూయార్కు బ్రాంక్స్‌లో పార్టీలు నడిపిన కూల్ హెర్క్ అనే డీజే కనిపెట్టింది ఇదే, జనం ఆ కాసేపటి కోసమే కాచుకుంటున్నారని. ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకున్నాడు. ఒకదాంట్లో ఆ ముక్క అయ్యేసరికి రెండోదాంట్లో అదే ముక్క మొదలు, ఈలోగా మొదటిదాన్ని వెనక్కి తిప్పడం. పది సెకన్లది పది నిమిషాలు సాగుతుంది.

వరంగల్ నుంచి ఒకరు: మాస్టారూ, ఇది మా బారాత్‌లల్ల అయ్యేదే. మా తమ్ముని పెండ్లిల బ్యాండోళ్ళు సినిమా పాట వాయిస్తుంటే పోరగాళ్ళు ఎగురుడు ఆపి నిలవడ్డరు. మా చిన్నాయిన పోయి “బూరలు ఆపుండ్రి, ఉత్త డప్పే కొట్టుండ్రి” అన్నడు. ఇగ చూడు, అర్ధగంట దాకా బండి జరగలె. ‘ఉత్త దరువు’ అనుండ్రి, అయిపోతది.

గుంటూరు నుంచి ఒకరు: మాకు ఉత్త చేతులంటే ఖాళీ చేతులండీ. ఉత్త దరువంటే పస లేని దరువనుకుంటారేమో.

వరంగల్ నుంచి ఒకరు: ఉత్త అన్నం పెట్టిండ్రంటే కూర లేదని గదా అన్నా, అన్నం లేదని కాదు గద.

గుంటూరు నుంచి ఒకరు: ఒప్పుకున్నా.

అడిగినవారు: నాకూ నచ్చింది. మరి రీమిక్స్‌కి ‘పునర్మిశ్రమం’ అని పెట్టాను...

గుంటూరు నుంచి ఒకరు: సిమెంటు కలుపుతున్నట్టుంది. రీమిక్స్ అనే ఉంచండి, అది ఎప్పుడో తెలుగైపోయింది. ఒక్కటే చిక్కు. మన సినిమాల్లో రీమిక్స్ అంటే పాత పాటని కొత్త గొంతులతో మళ్ళీ పాడించడం. వీళ్ళది అలా కాదు, రికార్డయి ఉన్న పాటనే తీసి, కోసి, కలిపి ఇంకో రూపు ఇవ్వడం. ఆ తేడా ఒక వాక్యంలో చెప్పండి. తమ ‘రోడ్‌బ్లాక్’ పాటలోని ముక్క ఈ పాటలో వాడారని స్టాక్ ఐట్‌కెన్ వాటర్‌మన్ అనే ముగ్గురు నిర్మాతలు కోర్టుకెక్కారు కదా, అదీ రాయండి. అప్పుడు బ్రిటన్‌లో నంబర్ వన్‌గా ఉన్నది వాళ్ళు చేసిన రిక్ ఆస్ట్లీ పాట. అక్టోబరులో దాన్ని దించి ఎక్కింది ఇదే!

అడిగినవారు: రాస్తాను. రెండు బృందాలు కలిసి చేశాయని పెట్టిన ‘సహకార గీతం’ అన్నది కూడా కొట్టేస్తున్నాను, పాల సొసైటీ వాళ్ళు పాడినట్టుంది. అయినా సహకారం ఎక్కడ? ఆ రెండు బృందాలకీ పొసగలేదు. రికార్డుకి ఒక వైపున్న ఈ పాట చాలావరకు కలర్‌బాక్స్‌ది, రెండో వైపు ‘అనిటినా’ ఏ.ఆర్. కేన్‌ది. పేరు ఒకటే, కాపురాలు వేరు. ‘రెండు బృందాలు ఒకే పేరుతో’ అని ఊరుకుంటాను. ఇక మిగిలింది పాట పేరు. రకీమ్ అనే ర్యాపర్ పాటలోంచి కోసుకొచ్చిన ‘పంప్ అప్ ది వాల్యూమ్’ అనే ఆ మాటని ‘ధ్వని పెంచుము’ అంటే నవ్వుతారు. ‘సౌండ్ పెంచు’ సరేనా?

వరంగల్ నుంచి ఒకరు: పెంచు కాదక్కా, పెంచుండ్రి. అంతమంది ఉన్నరు ఆడ.