రెండు జాబిక్స్ సర్వర్లు, ఒకే మానిటరింగ్ పాలసీ: రాత్రిపూట స్క్రిప్టుతో తోసేద్దామా, ఎవరిది వాళ్లే చూసుకోవాలా?

పింగ్‌రాయుడు (హైదరాబాద్)

మా దగ్గర జాబిక్స్ (సర్వర్లు, నెట్‌వర్క్ పరికరాలను గమనించి అలర్ట్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) సర్వర్లు రెండు. హైదరాబాద్‌లో ఒకటి, విశాఖ డీఆర్ సైట్‌లో (మెయిన్ సైట్ పోతే పని అందుకునే చోట) ఒకటి. రెండూ 6.0 వెర్షనే. డేటాబేసులు వేరు, చూసుకునే టీములూ వేరు. లినక్స్ టెంప్లేట్ (ఏం కొలవాలి, ఎప్పుడు అలర్ట్ ఇవ్వాలి అని రాసి పెట్టిన మూస), నెట్‌వర్క్ స్విచ్‌ల కోసం మేమే రాసుకున్న టెంప్లేట్లు రెండు చోట్లా అవే పేర్లతో ఉన్నాయి. లోపల చూస్తే మాత్రం ఇప్పుడు దేనికీ దేనికీ పోలిక లేదు. అప్‌లింక్ పోర్ట్ (స్విచ్‌ను పై నెట్‌వర్క్‌కు కలిపేది) పడితే అలర్ట్ సివియారిటీ, అంటే తీవ్రత, ఇక్కడ హై, అక్కడ వార్నింగ్. ఆడిట్ వాళ్లు "మీ మానిటరింగ్ పాలసీ చూపించండి" అంటే ఏ సర్వర్ తెరవాలో తెలియని పరిస్థితి.

నేననుకుంటున్నది ఇది. రాత్రి క్రాన్‌లో (టైముకు దానంతటదే పని నడిపే లినక్స్ సాధనం) ఒక షెల్ స్క్రిప్ట్ నడుస్తుంది. కర్ల్ కమాండ్‌తో హైదరాబాద్ సర్వర్ ఏపీఐని (ప్రోగ్రాములు మాట్లాడే ద్వారం) పిలిచి టెంప్లేట్లను యామల్ ఫైలుగా ఎగుమతి చేస్తుంది, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో కమిట్ చేస్తుంది, ఆ ఫైలునే విశాఖ సర్వర్‌లోకి దిగుమతి చేస్తుంది. దిగుమతికి మూడు స్విచ్‌లుంటాయి కదా: లేనివి చేర్చు, ఉన్నవి మార్చు, ఫైల్లో లేనివి తీసేయ్. మూడూ ఆన్‌లో పెడతాను. తీసేయడం ఆపితే పాత చెత్త అక్కడే పేరుకుపోతుంది, దాన్ని ఒకే పాలసీ అని ఎలా అంటాం?

టీమ్‌లో సగం మంది ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

అర్ధరాత్రి డ్యూటీ (విశాఖ)

మీ కంపెనీ కాదు గానీ నేనూ డీఆర్ వైపు కూర్చునేవాడినే రాయుడు గారూ, కాబట్టి పుచ్చుకునే వైపు నుంచి, మీ విశాఖ వాళ్ల స్థానంలో నిలబడి చెబుతాను. ఆ మూడో స్విచ్ చేసే పని టెంప్లేట్‌తో ఆగదు. ఫైల్లో లేని ఐటెమ్ (ఒక్కో కొలత) టెంప్లేట్‌లోంచి పోతే, ఆ టెంప్లేట్ తగిలించిన ప్రతి హోస్ట్‌లోంచీ (గమనించే ప్రతి యంత్రంలోంచీ) పోతుంది. దాని వెనకే హిస్టరీ, ట్రెండ్స్ (పాత కొలతలు, వాటి సారాంశం) కూడా. మర్నాడు మళ్లీ చేర్చినా గ్రాఫ్ సున్నా నుంచే మొదలు.

డీఆర్‌లో స్టోరేజ్ రెప్లికేషన్ ఎంత వెనకబడిందో చూసే ఐటెమ్ ఉంటుంది. హైదరాబాద్‌లో దాని అవసరమే ఉండదు. విశాఖ వాళ్లు దాన్ని ఆ టెంప్లేట్‌లోనే కలిపేసి ఉంటారు, అందరూ చేసేదే. మీ క్రాన్ ఒక్క రాత్రిలో దాన్ని ఊడ్చేస్తుంది. అది పోయిన సంగతి చెప్పడానికి అలర్ట్ కూడా రాదు, ఎందుకంటే అలర్ట్ ఇవ్వాల్సింది ఆ ఐటెమే.

థ్రెషోల్డ్‌ల (దాటితే అలర్ట్ వచ్చే అంకెల) సంగతి సరేసరి. బ్యాకప్ అంతా మా వైపే నడుస్తుంది. రాత్రి రెండింటికి సీపీయూ 90 దాటడం మాకు మామూలు. మీ కొలతలు తెచ్చి మా సర్వర్లకు పెట్టడమంటే ఒకరి కొలతతో ఊరందరికీ జాకెట్లు కుట్టడమే.

డల్లాస్ బాబ్జీ

బ్రో, అసలు రెండు సర్వర్లు ఎందుకు? ఒకే సర్వర్, విశాఖలో ప్రాక్సీ (అక్కడి కొలతలు సేకరించి సర్వర్‌కు పంపేది). టెంప్లేట్ ఒక్కచోటే ఉంటుంది, పంచుకునే గొడవే ఉండదు. 6.0 నుంచి హెచ్‌ఏ (ఒక నోడ్ పడితే ఇంకోటి అందుకునే ఏర్పాటు) కూడా సర్వర్‌లోనే ఉంది. స్క్రిప్ట్ రాసి దాన్ని జీవితాంతం పోషించడం కంటే ఇది నయం కాదా?

పింగ్‌రాయుడు

బాబ్జీ, హైదరాబాద్ మొత్తం పోయినప్పుడు కూడా విశాఖ వాళ్లకు స్క్రీన్ కనబడాలి. డీఆర్ అంటేనే అది. జాబిక్స్ హెచ్‌ఏలో నోడ్లు ఎన్ని ఉన్నా డేటాబేస్ ఒక్కటే. ఆ డేటాబేస్‌ను రెండు ఊళ్ల మధ్య సాగదీయడం ఇంకో పెద్ద ప్రాజెక్ట్. ఇక ప్రాక్సీ అంటావా, లింక్ తెగితే డేటా దాచుకునేది మామూలుగా ఒక గంటే. పెంచుకోవచ్చనుకో. కానీ దాచుకున్న డేటాను చూసి అలర్ట్ ఇచ్చే సర్వర్ ఇవతలే ఉంది కదా?

డల్లాస్ బాబ్జీ

ఓకే, డీఆర్ కారణం ఒప్పుకుంటా. కానీ ఇక్కడ చదివే చాలామందికి ఆ కారణం ఉండదు. టీములకు పడక రెండు సర్వర్లు పెట్టుకున్నవాళ్లే ఎక్కువ. వాళ్లకు నా సలహా అదే.

ఓపెన్‌వ్యూ తాత (చెన్నై)

ఈ పంచాయితీ కొత్తదేం కాదు నాయనా. పాత మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ హెచ్‌పీ ఓపెన్‌వ్యూ ఆపరేషన్స్ రోజుల్లోనూ ఇదే. ఒక మేనేజ్‌మెంట్ సర్వర్‌లో కాన్ఫిగరేషన్‌ను కమాండ్‌తో డైరెక్టరీలోకి దించేవాళ్లం, ఆ డైరెక్టరీని కాపీ చేసుకుని రెండో సర్వర్‌లో ఇంకో కమాండ్‌తో ఎక్కించేవాళ్లం. ఎక్కించేటప్పుడు యాడ్ అని ఇస్తే లేనివి మాత్రమే చేరేవి. రీప్లేస్ అని ఇస్తే ఉన్నవాటి మీద రాసేసేది. యాడ్ వాడేవాళ్ల సర్వర్లలో పాత పాలసీలు పాతగానే ఉండిపోయేవి. రీప్లేస్ వాడేవాళ్లకు అవతలి టీమ్ నుంచి ఫోన్లు వచ్చేవి.

ఆ తర్వాతి వెర్షన్లలో పాలసీకి వెర్షన్ నంబర్ వచ్చింది. ఏ నోడ్‌లో ఏ వెర్షన్ ఉందో అడిగితే చెప్పేది. మీ జాబిక్స్‌లో నాకు లోటనిపించేది అదే. 6.4 నుంచి టెంప్లేట్‌కు వెండర్ పేరు, వెర్షన్ అని రెండు గడులు వచ్చాయి, ఏపీఐ నుంచి మన నంబర్ పెట్టుకోవచ్చు. 6.0లో అదీ లేదు. అందాకా గిట్ కమిట్ గుర్తును టెంప్లేట్ డిస్క్రిప్షన్‌లో రాసుకోండి. ఆడిట్ వాళ్లకు చూపించడానికి రెండు సర్వర్లలో ఆ ఒక్క లైను చాలు.

జేక్యూ జ్యోతి (బెంగళూరు)

ఇద్దరూ తప్పు చోట కొట్టుకుంటున్నారని నా అభిప్రాయం. తీసేయాలా వద్దా అన్న ప్రశ్నను రాత్రిపూట క్రాన్‌ను అడక్కండి. 5.4 నుంచి ఏపీఐలో దిగుమతికి ముందే పోల్చి చూపే కాల్ ఒకటుంది, ఇంపోర్ట్ కంపేర్ అని. ఫైలు, అవే స్విచ్‌లు ఇస్తే ఏవి చేరతాయి, ఏవి మారతాయి, ఏవి పోతాయి అని జేసన్‌లో (ప్రోగ్రాములు చదివే టెక్స్ట్ రూపంలో) చెబుతుంది. సర్వర్‌లో ఏదీ ముట్టుకోదు.

మేం చేసేదిది: పోలికను మూడు స్విచ్‌లూ ఆన్ పెట్టి నడుపుతాం, దిగుమతిని మాత్రం మూడోది ఆఫ్ పెట్టి నడుపుతాం. పోలికలో "రిమూవ్డ్" కింద ఏదైనా కనబడితే ఆ జాబితా టికెట్‌గా మారి అవతలి టీమ్‌కు వెళుతుంది. వాళ్లు సరేనన్నాకే పగటిపూట మనిషి తీసేస్తాడు. ఒక జాగ్రత్త: ఆ రిమూవ్డ్ పైపొరలో ఉండదు. టెంప్లేట్ "మారింది" అన్న దాని కింద, ఐటెమ్స్ లోపల, డిస్కవరీ రూల్స్ (డిస్కులు, పోర్టుల లాంటివాటిని వెతికి ఐటెమ్‌లు కట్టేవి) లోపల దాక్కుంటుంది. జేసన్‌లో వెతికే జేక్యూ టూల్‌లో రెండు చుక్కలు పెట్టి అన్ని పొరల్లోనూ వెతకండి. పైపొర మాత్రమే చూసే స్క్రిప్ట్ ఎప్పుడూ "అంతా బాగుంది" అనే అంటుంది.

ఇంకో విషయం. 5.4 నుంచి టెంప్లేట్‌కూ, లోపలి ఐటెమ్‌లకూ యూయూఐడీలు (ఒక్కోదాన్ని విడిగా గుర్తించే పొడవాటి గుర్తులు) ఉన్నాయి. జాబిక్స్‌తో పాటు వచ్చే టెంప్లేట్లకు అన్ని చోట్లా ఒకే యూయూఐడీ. మీ స్విచ్ టెంప్లేట్లను రెండు ఊళ్లలో విడివిడిగా చేత్తో కట్టుంటే పేరు ఒకటే గానీ యూయూఐడీలు వేరు, దిగుమతి రెంటినీ ఒకటిగా గుర్తించదు. మొదటి దిగుమతి క్రాన్‌తో కాదు, కూర్చుని చేయాలి.

అర్ధరాత్రి డ్యూటీ

ఇది కాస్త వినదగ్గ మాట జ్యోతి గారూ. కానీ థ్రెషోల్డ్‌ల మాట ఎవరూ ఎత్తలేదు. సీపీయూ 90, డిస్క్‌కు 80, 90 అనే అంకెలు టెంప్లేట్‌లోనే మాక్రోలుగా (పేరు పెట్టి దాచిన విలువలుగా) ఉంటాయి. మీరు "ఉన్నవి మార్చు" అన్నప్పుడల్లా మేం మార్చుకున్న అంకెలు పోతాయి. హోస్ట్ స్థాయిలో పెట్టుకోమంటారు, తెలుసు. వందల హోస్ట్‌లకు ఎవరు పెడతారు?

జేక్యూ జ్యోతి

అన్నా, దానికో దారి ఉంది, ఎందుకో ఎవరూ వాడరు. జాబిక్స్ మాక్రో విలువను ముందు హోస్ట్‌లో వెతుకుతుంది, తర్వాత టెంప్లేట్‌లో, అక్కడా లేకపోతేనే గ్లోబల్‌లో (సర్వర్ మొత్తానికి పెట్టినవాటిలో). టెంప్లేట్‌లో విలువ రాసి ఉంటే మీ గ్లోబల్ మాక్రోను ఎవరూ పట్టించుకోరు. కాబట్టి పంచుకునే టెంప్లేట్‌లో మాక్రోను వాడాలి, విలువ మాత్రం రాయకూడదు. హైదరాబాద్ తన గ్లోబల్‌లో 90 పెట్టుకుంటుంది, మీరు 97 పెట్టుకోండి. టెంప్లేట్ ఎగుమతిలో గ్లోబల్ మాక్రోలు రావు గనక ఏ క్రాన్ కూడా వాటి జోలికి రాదు.

దీనికి ఖర్చు లేకపోలేదు. గ్లోబల్‌లో పెట్టడం మర్చిపోతే ట్రిగ్గర్ (అలర్ట్ ఇవ్వాలా అని తేల్చే షరతు) లెక్క కట్టలేక అన్‌నోన్ స్థితిలో పడుతుంది. అంటే చప్పుడు చేయదు. అందుకే దిగుమతికి ముందు ఫైల్లోని మాక్రో పేర్లన్నీ ఏరి, అవతలి సర్వర్ గ్లోబల్ జాబితాతో సరిచూడాలి. ఒకటి తక్కువైనా స్క్రిప్ట్ అక్కడే ఆగాలి.

పింగ్‌రాయుడు

బాగుంది గానీ, జాబిక్స్‌తో వచ్చిన లినక్స్ టెంప్లేట్‌లో మాక్రో విలువలు తీసేస్తే, రేపు జాబిక్స్ వాళ్ల కొత్త టెంప్లేట్ ఎక్కించగానే మళ్లీ వచ్చేస్తాయిగా?

జేక్యూ జ్యోతి

వస్తాయి. వాళ్ల టెంప్లేట్‌ను అలాగే ఉంచి, క్లోన్ చేసుకుని మీ పేరుతో పెట్టుకోండి. పంచుకునేది ఆ క్లోన్‌నే.

టోకెన్ సుబ్బు (హైదరాబాద్)

ఇంతసేపూ ఎవరూ అడగలేదు: ఆ క్రాన్‌లో పాస్‌వర్డ్ ఎక్కడ పెడుతున్నారు? 5.4 నుంచి ఏపీఐ టోకెన్లున్నాయి (పాస్‌వర్డ్ బదులు ఇచ్చే రహస్య తాళాలు), అవి వాడండి. టోకెన్‌ను కర్ల్ కమాండ్‌లోనే రాస్తే అది నడుస్తున్నంతసేపూ పీఎస్ (నడుస్తున్న కమాండ్లు చూపేది) కొట్టిన ప్రతివాడికీ కనబడుతుంది. కర్ల్‌కు కాన్ఫిగ్ ఫైల్ ఇచ్చే ఆప్షన్ ఉంది. టోకెన్ అందులో పెట్టి 600 పర్మిషన్ (ఫైలు యజమాని మాత్రమే చదవగలిగేది) ఇవ్వండి. ఎగుమతి చేసే యూజర్‌కు చదివే హక్కు చాలు. సూపర్ అడ్మిన్‌తో నడిపే స్క్రిప్టులు చూసీ చూసీ విసుగొచ్చింది.

వెర్షన్ పెంచేటప్పుడు కూడా జాగ్రత్త. పాత సర్వర్ ఫైలు కొత్త సర్వర్‌లోకి వెళుతుంది, కొత్తదాని ఫైలు పాతదాంట్లోకి వెళ్లదు. కాబట్టి ముందు విశాఖ, తర్వాతే హైదరాబాద్. మన దగ్గర ప్రతి చోటా దీనికి తిరగేసి చేస్తారు, మెయిన్ సైటే ముందు అని. స్క్రిప్ట్‌కూ అప్పుడే దెబ్బ తగులుతుంది: 6.2లో గ్రూపులు హోస్ట్ గ్రూపులు, టెంప్లేట్ గ్రూపులు అని విడిపోయాయి, దిగుమతి రూల్స్‌లో పేర్లు మారాయి. జేసన్ లోపల టోకెన్ పంపే పద్ధతి 7.2లో ఎత్తేశారు, హెడర్‌లోనే పంపాలి.

ఓపెన్‌వ్యూ తాత

సుబ్బు మాటకు చిన్న తోక. 6.0 ఎగుమతి ఫైల్లో తేదీ లైను ఒకటుంటుంది. టెంప్లేట్‌లో ఏమీ మారకపోయినా రోజూ గిట్‌లో మార్పు కనబడుతుంది. కమిట్‌కు ముందు ఆ లైను తీసేయండి, లేకపోతే నెల తిరిగేసరికి ఆ లాగ్‌ను ఎవరూ చూడరు.

డల్లాస్ బాబ్జీ

టెంప్లేట్ ఒక్కటి కదిలిస్తే పాలసీ కదిలినట్టేనా? యాక్షన్లు ఎగుమతిలో రావు. ఎవరికి మెయిల్ వెళ్లాలి, పది నిమిషాల్లో తీయకపోతే ఎవరిని లేపాలి, అదంతా యాక్షన్లలోనే ఉంది. గ్లోబల్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లూ (పేర్లను వడకట్టే నమూనాలు) రావు, వాటిని వాడుకునే డిస్కవరీ ఫిల్టర్లు మాత్రం వస్తాయి. ఎక్స్‌టర్నల్ స్క్రిప్ట్ ఫైళ్లు సర్వర్ డిస్క్ మీదే ఉంటాయి. సీక్రెట్ మాక్రోల విలువలు రావు, రాకూడదు కూడా. ఇవన్నీ కలిపి చూస్తే మీ షెల్ స్క్రిప్ట్ మోసేది సగమే. సర్వర్ల సెట్టింగులు ఆటోమేటిక్‌గా పెట్టే యాన్సిబుల్‌లో జాబిక్స్ కలెక్షన్ ఉంది, టెంప్లేట్లకూ యాక్షన్లకూ మాడ్యూల్స్ ఉన్నాయి. రాసేదేదో అందులో రాయండి.

పింగ్‌రాయుడు

యాన్సిబుల్ సరే, చూస్తాను. కానీ యాక్షన్లు రాకపోవడం నాకు లోటుగా అనిపించడం లేదు బాబ్జీ. విశాఖలో ఎవరిని లేపాలో హైదరాబాద్ నుంచి నేనెందుకు నిర్ణయించాలి?

ఇప్పటివరకు నేను తీసుకున్నవి: ఒకే దిశలో పంపడం, క్లోన్ టెంప్లేట్లు, విలువలు గ్లోబల్ మాక్రోల్లో, రాత్రి పోలిక, దిగుమతిలో తీసివేత ఆఫ్. విశాఖ వాళ్లకు కావలసిన ఐటెమ్‌లు వాళ్ల సొంత టెంప్లేట్‌లో, మా దాని పక్కనే. ఒకే కీ (ఐటెమ్ గుర్తింపు పేరు) రెండు టెంప్లేట్లలో ఉంటే ఒక హోస్ట్‌కు రెండూ తగలవు కాబట్టి వాళ్ల కీలకు ముందొక గుర్తు పెట్టుకోమంటాను. టికెట్ వెళ్లాక వారం దాటినా జవాబు రాకపోతే మాత్రం తీసేస్తాం. ఆ ఒక్కటీ వదులుకోను.

అర్ధరాత్రి డ్యూటీ

జవాబు రాకపోతే తీసేయడానికి నేనొప్పుకోను. డిసేబుల్ చేయండి. హిస్టరీ కొన్నాళ్లు ఉంటుంది, ఎవరైనా అరిస్తే మళ్లీ ఆన్ చేయొచ్చు.

ఇంకా ఒకటి మిగిలింది రాయుడు గారూ. మీరు మొదట చెప్పిన అప్‌లింక్ పోర్ట్ సంగతి. థ్రెషోల్డ్‌ను మాక్రోలో పెట్టొచ్చు, సివియారిటీని పెట్టలేం. అది ట్రిగ్గర్‌లోనే ఉంటుంది, ట్రిగ్గర్ మీ టెంప్లేట్‌లో ఉంటుంది. మాకు రెండు అప్‌లింకులు, ఒకటి పడితే నిద్ర లేవాల్సిన పని లేదు. మీ ఫైల్లో అది హై.

పింగ్‌రాయుడు

హైగానే ఉండనివ్వండి. స్క్రీన్ మీద ఎర్రగా కనబడుతుంది, ఆడిట్‌కు రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. ట్రిగ్గర్‌కు అప్‌లింక్ అని ట్యాగ్ పెట్టి పంపిస్తాను. మీ యాక్షన్‌లో ఆ ట్యాగ్ ఉంటే ఫోన్ కాకుండా మెయిల్ వెళ్లేలా మీరే పెట్టుకోండి. యాక్షన్లు ఎగుమతిలో రావని బాబ్జీ అన్నాడుగా, ఇక్కడ అదే పనికొచ్చింది.

అర్ధరాత్రి డ్యూటీ

ట్యాగ్ పేరు ముందే చెప్పండి. మధ్యలో మారిస్తే మా వాళ్లు ఊరికే లేస్తారు.