నాన్న యుగాల పటం స్కేలుకి గీస్తే మహాశ్రమలు రెండు మిల్లీమీటర్లే వచ్చాయి. ఏం చేయమంటారు?

పెరంబూరు_డ్రాఫ్ట్స్‌మన్

అందరికీ వందనాలు. రైలు పెట్టెల ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో ముప్పై మూడేళ్లు గీతలు గీసి రిటైరైనవాణ్ని. బైబిలు కాలేజీ గడప తొక్కలేదు, కాబట్టి తప్పుంటే మెల్లిగా చెప్పండి.

మాది నరసాపురం పక్క పల్లె. నాన్న 1958లో ఉద్యోగానికి మద్రాసు వస్తూ ట్రంకు పెట్టెలో ఒక గుడ్డ పటం చుట్టి తెచ్చుకున్నాడు. ఎనిమిది అడుగుల గాడా గుడ్డ మీద తన చేత్తోనే వేసిన ఏడు యుగాలు, అంటే దేవుడు మనుషులతో వ్యవహరించిన తీరుని బట్టి బైబిలు చరిత్రని విడగొట్టిన ఏడు కాలాలు. నిరపరాధ యుగం, మనస్సాక్షి యుగం, మానవ ప్రభుత్వం, వాగ్దానం, ధర్మశాస్త్రం, కృప, వెయ్యేండ్ల రాజ్యం. ఆదివారం మధ్యాహ్నం వరండాలో దండెం మీద వేలాడదీసి, చీపురుపుల్లతో చూపిస్తూ చెప్పేవాడు. కృపాయుగం చివర ఏడు తలల ఘటసర్పం ఉంటుంది. దాన్ని చూడ్డానికి వీధిలో అరవ పిల్లలంతా వచ్చేవాళ్లు. వాళ్ల నోట్లో అది 'పాంబు పడం'.

ఇప్పుడా గుడ్డ మడతల దగ్గర చిరిగిపోయింది. కొత్తది గీద్దామని కూర్చుంటే, తొమ్మిదో తరగతి చదివే మనవరాలు పక్కన చేరి, "తాతా, ఒక్కో గడి ఎన్నేళ్లు?" అంది. అరవై ఏళ్లుగా ఆ పటం చూస్తున్నా ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. గీత గీసి బతికినవాడికి సిగ్గుచేటు కదా.

నాన్న పాత స్కోఫీల్డ్ బైబిలులో (స్కోఫీల్డ్ అనే ఆయన ఈ యుగాల బోధని నోట్లుగా రాసిన బైబిలు అది) అచ్చువేసిన సంవత్సరాలు తీసుకుని లెక్క కట్టాను. సృష్టి క్రీ.పూ. 4004. జలప్రళయం 2348. అబ్రాహాము పిలుపు 1921. ఐగుప్తు నుంచి బయల్దేరింది 1491. వందేళ్లకి మూడు సెంటీమీటర్ల స్కేలు పెట్టాను. మనస్సాక్షి యుగం 1656 ఏళ్లు, సుమారు 50 సెంటీమీటర్లు. మానవ ప్రభుత్వం 427 ఏళ్లు, వాగ్దానం 430 ఏళ్లు, రెండూ చెరో 13. ధర్మశాస్త్రం 46. వెయ్యేండ్లు 30. ఇంతవరకూ బాగానే ఉంది.

కృపాయుగం, అంటే ఇప్పుడు మనమున్న సంఘ కాలం, దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇప్పటికే దాదాపు 60 సెంటీమీటర్లు వచ్చింది, అన్నిట్లోకీ పొడవు. నాన్న దానికి బెత్తెడు చోటిచ్చాడు! ఇశ్రాయేలు కథ మధ్యలో వచ్చిన బ్రాకెట్టు అది అనేవాడు. వెయ్యేండ్ల రాజ్యానికి ముందు లోకం మీదికొచ్చే ఏడేండ్ల కష్టకాలం, ఘటసర్పం ఉన్న ఆ మహాశ్రమలకేమో జానెడు పైనే. నా స్కేలులో ఆ ఏడేళ్లు రెండు మిల్లీమీటర్లు. పెన్సిలు ముక్కు సరిగ్గా చెక్కకపోతే శ్రమలన్నీ ఒక గీతలో కలిసిపోతాయి.

పైగా మనవరాలి పాఠంలో హరప్పా పట్టణాలు క్రీ.పూ. 2600 నుంచి 1900 దాకా ఉన్నాయని రాసి ఉంది. "మరి మధ్యలో ప్రళయం వస్తే వాళ్లు మునగలేదా?" అంటోంది.

నాన్న గీసినట్టే గీయనా, స్కేలుకి గీయనా?

హెబ్బాళ_సహోదరుడు

అన్నయ్యా, వందనాలు. బెంగళూరులో మా తెలుగు కూటంలో ఇరవై ఏళ్లుగా ఇదే పటంతో చెబుతున్నాను. ఒక్కసారీ స్కేలు పెట్టి కొలవలేదు, నవ్వుకోకండి.

ముందు ఆ తేదీల సంగతి. అవి ఈ యుగాల బోధని వ్యాప్తి చేసిన డార్బీవీ కావు, స్కోఫీల్డువీ కావు. ఐర్లాండులో ఆర్చిబిషప్పుగా ఉన్న అషర్ 1650లో వేసిన లెక్క అది. డార్బీ పుట్టిందే 1800లో. స్కోఫీల్డ్ బైబిలులో ఆ సంవత్సరాలు వేసేసరికి మనవాళ్లు రెండూ ఒకే బోధ అనుకున్నారు. యుగాల బోధ నిలబడాలంటే 4004 అక్కర్లేదు. వంశావళులు తండ్రీకొడుకుల వరసే కానక్కర్లేదు కూడా. మత్తయి 1:8లో యెహోరాము తర్వాత ఏకంగా ఉజ్జియా వస్తాడు, మధ్యలో ముగ్గురు రాజులు లేరు. లూకా 3:36లో ఉన్న కేయినాను మన ఆదికాండం 11లో కనిపించడు. పాత నిబంధన గ్రీకు అనువాదమైన సెప్టువజింతులో ప్రళయం దాకానే 2242 ఏళ్లు వస్తాయి. అంటే మీ 50 సెంటీమీటర్లు 67 అవుతాయి. పాపకి నిర్భయంగా చెప్పండి, ప్రళయం 2348లోనే అని బైబిలులో ఎక్కడా లేదు.

మీ 13 సెంటీమీటర్ల వాగ్దాన యుగమూ అంత గట్టిది కాదు. గలతీ 3:17 ప్రకారం వాగ్దానం నుంచి ధర్మశాస్త్రానికి 430. నిర్గమ 12:40లో ఐగుప్తు నివాసానికే 430. రెండోదాన్ని పట్టుకుంటే అంతకుముందు కనానులో గడిపిన 215 కలిపి 645 అవుతుంది.

అసలు మాటకొస్తాను. ఎఫెసీ 3:2లో 'ఏర్పాటు' అన్న చోట గ్రీకు మాటకి ఇంటి నిర్వాహకత్వం అని అర్థం. యజమాని ఒక గుమాస్తాకి తాళాలిచ్చి, తర్వాత ఇంకో గుమాస్తాకి వేరే పని అప్పగించినట్టు. గుమాస్తా ఎన్నేళ్లు చేశాడన్నది కాదు, ఏం అప్పగించారన్నదే లెక్క. బ్రాకెట్టుకి కారణం దానియేలు 9. అందులో ఇశ్రాయేలుకి నిర్ణయించిన డెబ్బై వారాల్లో (వారం అంటే ఏడేళ్లు) 69 అయ్యాక, అంటే 483 ఏళ్లకి, ఇశ్రాయేలు గడియారం ఆగిందంటాం. ఈ ప్రవచనం మీద పుస్తకం రాసిన సర్ రాబర్ట్ ఆండర్సన్ ఆ 483 ఏళ్లని ఏడాదికి 360 రోజుల చొప్పున 1,73,880 రోజులని లెక్క తేల్చాడు. గడియారం ఆగి ఉన్నప్పుడు గడిచిన కాలాన్ని ఆ గడియారంతో ఎలా కొలుస్తారు?

అన్నానగర్_టీచరమ్మ

అన్నగారూ, మాది గుంటూరు లూథరన్ సంఘం, పెళ్లయ్యాక చెన్నై. మా ఇంట్లో ఇలాంటి పటం ఉండేది కాదు, అందుకేనేమో మీ కొలత చదవగానే నాకు ముచ్చటేసింది.

సహోదరుడి గారి గుమాస్తా పోలిక బాగుంది. కానీ స్కేలు తప్పు పట్టింది తేదీల్ని మాత్రమే కాదు. సంఘాన్ని బ్రాకెట్టులో పెట్టడాన్నే అది పట్టుకుంది. ఏ గడికి ఎంత చోటిస్తామన్నది కూడా ఒక బోధే కదా. అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అని ఆదికాండం 15:6లోనే ఉంది. ఆ కృప ఏ గడిలో పెడతారు? 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలులో యోహాను 1:17 దగ్గర నోటు చదివితే, ధర్మశాస్త్ర కాలంలో మనుషులు క్రియల వల్ల రక్షింపబడ్డారేమో అనిపిస్తుంది. 1967 ముద్రణలో దాన్ని సవరించారు. అంటే వాళ్లకే అది ఇబ్బంది పెట్టింది.

ఇంకోటి, మీది నరసాపురం అన్నారు కాబట్టి. మీ ఊరికి సువార్త తెచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ 1836లో ఇండియాకి వచ్చారు. వాళ్లని వెంటబెట్టుకొచ్చిన గ్రోవ్స్ ఒకప్పుడు ఇంగ్లండులో పళ్ల డాక్టరు. అదే ఏడు ఆయన డార్బీకి ఉత్తరం రాశాడు. మీ ఐక్యత ప్రేమ మీద కాక అభిప్రాయాల మీద కట్టబడుతోందని అందులో హెచ్చరించాడు. స్కోఫీల్డ్ బైబిలు రావడానికి ఎన్నో ఏళ్ల ముందే గోదావరి ఒడ్డున ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచారన్నమాట. పటం తర్వాత వచ్చింది.

ఈ పటాలకి అమెరికాలో బాగా పేరు తెచ్చిన క్లారెన్స్ లార్కిన్ కూడా పాస్టరు కాకముందు మీలాగే డ్రాఫ్ట్స్‌మన్!

మరనాత_77

ప్రభువు వాకిట్లో ఉన్నాడు. సెంటీమీటర్లు కొలుచుకుంటూ కూర్చోండి. కాలాలు, సమయాలు తెలుసుకోవడం మీ పని కాదన్న అపొస్తలుల కార్యములు 1:7 చదవండి.

వేళచ్చేరి_యూత్

అంకుల్, ఫ్లెక్సు కొట్టించెయ్యండి. సాయంత్రానికల్లా చేతికొస్తుంది. డ్రాగన్ నేను డిజైన్ చేస్తా, త్రీడీలో.

పెరంబూరు_డ్రాఫ్ట్స్‌మన్

అందరికీ వందనాలు. మరనాత తమ్ముడూ, చదివాను. ఆ వచనం నాన్న పటానికి పైఅంచున రాసే ఉంది.

ఫ్లెక్సు వద్దు బాబూ. చుడితే విరుగుతుంది, ఎండకి వెలుస్తుంది. నీ త్రీడీ సర్పాన్ని చూస్తే మా వీధి పిల్లలు ఈసారి పారిపోతారు.

లార్కిన్ సంగతి చెప్పినందుకు సిస్టర్ గారికి ప్రత్యేకంగా వందనాలు. రాత్రి మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను. రెండోసారి లైటు ఆర్పేసింది.

హెబ్బాళ తమ్ముడి గడియారం మాట మీద రెండు రోజులు ఆలోచించాను. మా డ్రాయింగ్ ఆఫీసులో దీనికొక పద్ధతుంది. పొడవాటి కమ్మీ షీటులో పట్టకపోతే మధ్యలో తుంచినట్టు వంకర గీత గీస్తాం. బ్రేక్ లైను అంటాం. కానీ తుంచినచోట అసలు కొలత అంకెల్లో రాసి తీరాలి. రాయకపోతే చీఫ్ షీటు వెనక్కి కొట్టేవాడు. నాన్న కృపాయుగాన్ని కుదించాడు, బ్రేక్ లైను వేయలేదు, కొలత రాయలేదు. నాకు తెలిసి తప్పు అంతవరకే. టీచరమ్మ గారు ఒప్పుకోరని తెలుసు. సంఘం బ్రాకెట్టు అవునో కాదో తేల్చేటంత చదువు నాకు లేదు.

కాబట్టి గడులు నాన్నవే, బెత్తెడు బెత్తెడే, సర్పం కూడా ఏడు తలలతో అలాగే ఉంటుంది. కృపాయుగం మధ్యలో బ్రేక్ లైను వేశాను. కొలత రాసేచోట అంకె ఖాళీగా వదిలాను, అది నా చేతిలో లేదు. 4004 వగైరా తీసేశాను. వాగ్దానం గడి కింద 430, 645 రెండూ రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. కుడివైపు కింది మూల, మేం సంతకం పెట్టేచోట, 'ఎన్.టి.ఎస్.' అని వేశాను. స్కేలుకి గీసింది కాదు అని దానర్థం.

మనవరాలు హరప్పా ఎక్కడని మళ్లీ అడిగింది. పెన్సిలిచ్చి, నీకు సరైందనిపించిన చోట గుర్తు పెట్టమన్నాను. ఇంకా పెట్టలేదు, ఈ ఆదివారం దాకా గడువడిగింది.

చివరిగా ఒకటి. ఎనిమిది అడుగుల గాడా గుడ్డ, అతుకు లేకుండా, చెన్నైలో ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా? నేను చూసిన కొట్లలో అన్నీ పాలియెస్టరు కలిసినవే ఉన్నాయి, రంగు పట్టడం లేదు.